కౌంట్‌డౌన్‌లో వరుసగా ఎనిమిది ఆటలు గెలవాలంటే ఏం కావాలి? పదాలా, లెక్కలా?

మీ ప్రశ్న ఇది: పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివారు, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉంటున్నారు, ఛానల్ 4లో వచ్చే పదాలు, లెక్కల పోటీ షో కౌంట్‌డౌన్‌కి దరఖాస్తు పెట్టాలని ఉంది. లెక్కలు బాగా వచ్చు, ఇంగ్లిష్ పదాల దగ్గరే బెరుకు. ఎనిమిది ఆటలూ నిలబడి ఆక్టోచాంప్ అవడం మీలాంటివారికి కుదిరే పనేనా?

కుదురుతుంది. కానీ దానికి దారి తొమ్మిదక్షరాల పదాలు బట్టీ పట్టడం కాదు. చేతికొచ్చిన పాయింట్లు జారవిడవకపోతే ఎనిమిది ఆటలు నిలుస్తారు. లెక్కల రౌండ్ నాలుగింటిలోనూ పది పాయింట్లు తెచ్చుకోవడం, డిక్షనరీలో లేని పదం చెప్పి సున్నా తెచ్చుకోకపోవడం, ఎదుటివారు ఎంత చెప్పారో విని మీ మాట మార్చుకోవడం. ఈ మూడూ పట్టుబడితే, మీకంటే వెయ్యి పదాలు ఎక్కువ తెలిసినవారి మీద కూడా గెలవచ్చు.

ముందు పాయింట్ల సంగతి. ఆటకు 15 రౌండ్లు: అక్షరాలు 10 (ఇచ్చిన తొమ్మిదక్షరాలతో వీలైనంత పొడుగు పదం చెప్పాలి), లెక్కలు 4 (ఇచ్చిన అంకెలతో ఒక లక్ష్యం చేరాలి), చివర్లో ఒక కనండ్రమ్ (కలగాపులగం చేసిన తొమ్మిదక్షరాల పదాన్ని కనిపెట్టాలి). 2013కి ముందు అక్షరాలు 11, లెక్కలు 3 ఉండేవి, అంటే మారిన పద్ధతి మీకే అనుకూలం. అక్షరాల రౌండ్‌లో అక్షరానికి ఒక పాయింటు, తొమ్మిదీ వాడితే 18. లెక్కల్లో లక్ష్యం సరిగ్గా కొడితే 10, ఐదులోపు తేడా ఉంటే 7, పదిలోపు అయితే 5. కనండ్రమ్‌కి 10. ఇద్దరూ సమానమైతే ఇద్దరికీ పాయింట్లు వస్తాయి. లేదంటే మెరుగైనవారికే, రెండోవారికి సున్నా. మీరు ఆరక్షరాల పదం చెప్పి ఎదుటివారు ఏడు చెబితే తేడా ఒకటి కాదు, ఏడు. ఆట మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది.

లెక్కల రౌండ్: మీ బలం ఇక్కడే

మొత్తం 24 పలకలు. 1 నుంచి 10 దాకా ఒక్కోటి రెండేసి చొప్పున 20 చిన్నవి, 25, 50, 75, 100 అనే నాలుగు పెద్దవి. ఆరు పలకలు తీసుకుంటారు, మూడంకెల లక్ష్యం తెరమీద పడుతుంది, 30 సెకన్లు. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం మాత్రమే. ఒక పలకను ఒక్కసారే వాడాలి, అన్నీ వాడనక్కర్లేదు. మధ్యలో ఎక్కడా భిన్నం రాకూడదు.

ఇంట్లో పెద్దవాళ్లు పావు, అర, ముప్పావు లెక్కలు చెప్పి ఉంటే అవి ఇప్పుడు బయటికి తీయండి. 75 అంటే వందకు ముప్పావు. 75ని 9తో గుణించాలంటే తొమ్మిదికి ముప్పావు ఎంతో చూడండి: ఆరుముప్పావు. అంటే 675. పదికి ముప్పావు ఏడున్నర, 750. పన్నెండుకి తొమ్మిది, 900. 25తో అయితే పావు: ఏడుకి పావు ఒకటిముప్పావు, 175. కాగితం మీద గుణించేవాడికి నాలుగు సెకన్లు పట్టేది ఇలా చూస్తే ఒక్క సెకనులో అయిపోతుంది. ముప్పై సెకన్లలో మూడు సెకన్లు మిగలడమంటే మాటలు కాదు.

ఒక లెక్క చూద్దాం. పలకలు 75, 10, 9, 7, 5, 2. లక్ష్యం 728.

మొదటి దారి, దగ్గరికి వెళ్లి సరిదిద్దుకోవడం. 75 పదులు 750. ఇంకా 22 తగ్గాలి, మిగిలినవి 9, 7, 5, 2. 9 + 2 = 11, 7 − 5 = 2, పదకొండు రెళ్లు 22. అయిపోయింది.

రెండో దారి, లక్ష్యాన్నే విరగ్గొట్టడం. 728ని ఎనిమిదితో భాగిస్తే 91. పదమూడేడ్లు తొంభై ఒకటి అని ఎక్కం అప్పజెప్పిన నోటికి 91 వెంటనే తగులుతుంది, కానీ ఇక్కడ 13 కూడా అక్కర్లేదు: 75 + 9 + 7 = 91, 10 − 2 = 8. తొంభై ఒకటి ఎనిమిదులు 728. ఐదు మిగిలిపోయింది, మిగలనివ్వండి.

రెండు దారులూ అలవాటు చేసుకోవాలి. ఒకటి మూసుకుపోతే పది సెకన్లు గడవకముందే రెండోదానికి మారాలి. చాలామంది మొదటి దారిలోనే ఇరవై ఐదు సెకన్లు పెట్టి చివర్లో కంగారు పడతారు.

మూడో పనిముట్టు, గుణించే ముందే పెంచడం. 75 × 9 = 675, లక్ష్యం 693 అనుకోండి. తేడా 18, అంటే తొమ్మిది రెళ్లు. విడిగా 18 కూర్చక్కర్లేదు, 75కి ముందే 2 కలిపి 77 చేసి తొమ్మిదితో గుణిస్తే 693. తేడా మీ గుణకంతో నిశ్శేషంగా భాగించబడుతుందా అని ఎప్పుడూ చూడండి.

నాలుగు పెద్ద పలకలు వచ్చినప్పుడు ఆట వేరు. ఈ షోలో అందరూ చెప్పుకునే లెక్క 1997లో జేమ్స్ మార్టిన్ అనే పోటీదారు చేసింది. పలకలు 25, 50, 75, 100, 3, 6. లక్ష్యం 952. ఆయన చేసింది: 100 + 6 = 106, మూడుతో గుణిస్తే 318, దాన్ని 75తో గుణిస్తే 23,850, అందులోంచి 50 తీస్తే 23,800, 25తో భాగిస్తే 952. చూసినవాళ్లు పెద్ద గుణకారానికి ఆశ్చర్యపోతారు కానీ అసలు కిటుకు అది కాదు. 75ని 25తో భాగిస్తే 3, 50ని 25తో భాగిస్తే 2. కాబట్టి 106 × 3 × 3 = 954, అందులోంచి 2 తీస్తే 952. చిక్కల్లా ఏమిటంటే 25 ఒకటే ఉంది, రెండుసార్లు భాగించడానికి వీల్లేదు. అందుకని భాగహారాన్ని చివరిదాకా ఆపి, ఒకే దెబ్బతో రెండింటినీ భాగించారు. ఒకే పలకతో రెండుచోట్ల భాగించాలనిపిస్తే భాగహారం చివర్లో పెట్టండి. ఈ ఒక్క సూత్రంతో నాలుగు పెద్దవాటి లెక్కలు ఎన్నో లొంగుతాయి. అదే లెక్కకు నిదానమైన దారి కూడా ఉంది: 100 + 3 = 103, ఆరుతో గుణిస్తే 618, 75తో గుణిస్తే 46,350, 50తో భాగిస్తే 927, 25 కలిపితే 952. ఇక్కడ 6 × 75 ÷ 50 అంటే 9, అంతే.

నాలుగు పెద్దవాటికి ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. 75 × 50 = 3,750. దాన్ని నాలుగుతో (అంటే 100 ÷ 25తో) భాగిస్తే 937న్నర. ఆ అర పోవాలంటే భాగించే ముందు చిన్న పలకల్లోంచి 2, 6, 10లో ఏదో ఒకటి కలపాలి లేదా తీయాలి. 2 కలిపితే 938, తీస్తే 937. ఆరుతో 939, 936. పదితో 940, 935. తొమ్మిది వందల ముప్పైల లక్ష్యం చూడగానే ఇది మెదలాలి.

ఇక ఏ పలకలు అడగాలి? నాలుగు లెక్కల రౌండ్లలో రెండింటికి ఎంపిక మీది. ఇక్కడ చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. లెక్కలు బాగా వచ్చినవారు "ఒక పెద్దది, ఐదు చిన్నవి" అని సులువైనది అడుగుతారు. సులువైతే ఎదుటివారికీ పది, మీకూ పది, ఏం కలిసొచ్చినట్టు? వెనకబడి ఉన్నా సమానంగా ఉన్నా మీరు కష్టమైనదే అడగాలి, నాలుగు పెద్దవి గానీ ఆరూ చిన్నవి గానీ. మీరు సాధన చేసింది, వాళ్లు చేయనిది అక్కడే తేలుతుంది. ముందంజలో ఉన్నప్పుడు మాత్రం ఒకటో రెండో పెద్దవి అడగండి, ఇద్దరూ పది తెచ్చుకుంటే మీ ఆధిక్యం అలాగే ఉంటుంది. ఆరూ చిన్నవి అడిగేటప్పుడు ఒక జాగ్రత్త: పెద్ద లక్ష్యం పడితే కొన్నిసార్లు ఎవరూ చేరలేరు. అప్పుడు దగ్గరగా ఆగినవారిదే రౌండు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ఒకే పలక రెండుసార్లు వాడటం మొదటిది. దీనికి మందు ఒకటే: వాడిన పలకను కాగితం మీద వెంటనే కొట్టేయండి. రెండోది, దొరుకుతుందిలే అని పూర్తికాని లెక్కకు "సరిగ్గా కొట్టాను" అని చెప్పడం. చెప్పింది చేసి చూపలేకపోతే సున్నా. మొదటి పది, పన్నెండు సెకన్లలో ఐదులోపు తేడాతో ఏదో ఒకటి రాసిపెట్టుకుని, తర్వాత సరిగ్గా కొట్టే ప్రయత్నం చేయండి. ఆ ఏడు పాయింట్లు చాలా ఆటలను నిలబెడతాయి.

అక్షరాల రౌండ్: ఎక్కువ తెలియడం కంటే తప్పు చెప్పకపోవడం

తొమ్మిది అక్షరాలు, కనీసం మూడు అచ్చులు, నాలుగు హల్లులు. ఎంచుకున్నవారు తమ పదం ఎన్నక్షరాలో ముందు చెబుతారు, రెండోవారు తర్వాత. ఈ వరుసే మీ ఆయుధం.

రెండోవారిగా ఉన్నప్పుడు, మీ దగ్గర ఖాయమైన ఏడక్షరాల పదం, అనుమానంగా ఉన్న ఎనిమిదక్షరాల పదం ఉన్నాయనుకోండి.

ఎదుటివారు ఆరు అంటే: ఏడు చెబితే మీకు ఏడు పాయింట్ల లాభం. ఎనిమిది చెప్పి నిజమైతే ఎనిమిది, తప్పైతే వాళ్లకు ఆరు. ఒక్క పాయింటు ఆశకు పదమూడు పాయింట్లు పణం పెట్టినట్టు. వందకు తొంభై మూడుపాళ్లు నమ్మకం లేకపోతే నోరు మెదపకండి.

ఎదుటివారు ఏడు అంటే: ఖాయమైనది చెబితే ఇద్దరికీ సమానం. ఎనిమిది నిజమైతే ఎనిమిది లాభం, తప్పైతే ఏడు నష్టం. సగం నమ్మకం ఉన్నా చెప్పేయండి.

ఎదుటివారు ఎనిమిది అంటే: మీ ఏడు ఎలాగూ సున్నాయే. వాళ్ల పదం గట్టిదనిపిస్తే అనుమానపు ఎనిమిది చెప్పినా పోయేదేమీ లేదు. వాళ్లు తడబడుతూ చెబితే మాత్రం ఏడు దగ్గరే ఆగండి. వాళ్ల పదం చెల్లకపోతే ఆ ఏడూ మీకు వస్తాయి.

దీన్ని కాగితం మీద నాలుగైదు సార్లు లెక్కవేసి ఒంటబట్టించుకోండి. కెమెరాల ముందు కొత్తగా ఆలోచించే తీరిక ఉండదు.

పదాలు వెతికే పద్ధతికి వస్తే, తల కంటే తోక ముందు చూడండి. అక్షరాలు ఇవి: ఎస్, ఎ, టి, ఇ, ఎల్, ఐ, ఆర్, ఎన్, జి. ఐ-ఎన్-జి కనబడగానే పక్కకు తీయండి. మిగిలిన ఆరింటితో స్టీలింగ్, రిలేటింగ్, ఆల్టరింగ్ వస్తాయి, అన్నీ ఎనిమిదక్షరాలే. ఎక్కువమంది ఇక్కడే ఆగుతారు. ఇప్పుడు ఐ-ఎన్-జిని మళ్లీ కలిపేసి, చివర ఎస్ ఒక్కటే పక్కకు తీయండి. మిగిలిన ఎనిమిది కలిస్తే ట్రయాంగిల్. ఎస్ తగిలిస్తే ట్రయాంగిల్స్, తొమ్మిది, 18 పాయింట్లు. బడిలో గీసిన త్రిభుజమే! తెలియని పదం కాదు, ఒకే తోకను పట్టుకుని వదలకపోవడం వల్ల చేజారుతుంది. ఇ-డి, ఇ-ఆర్, ఇ-ఎస్-టి, ఐ-ఇ-ఆర్ తోకలకూ, ఆర్-ఇ, యు-ఎన్, ఓ-యు-టి, ఓ-వి-ఇ-ఆర్ తలలకూ ఇదే పద్ధతి.

మనవాళ్లు పడే గుంతలు ప్రత్యేకంగా చెప్పాలి. మనం రోజూ మాట్లాడే ఫర్నిచర్స్, ఎక్విప్‌మెంట్స్ లాంటి రూపాలు అక్కడ చెల్లవు. లెక్కపెట్టలేని నామవాచకానికి ఎస్ తగిలించే ముందు ఒక్క క్షణం ఆగండి. సాఫ్ట్‌వేర్ పనిలో అలవాటైన అమెరికన్ స్పెల్లింగులు కూడా పనికిరావు. కలర్‌లో యు ఉండాల్సిందే. ఒకటే సిలబుల్ (ఒక్క ఊపులో పలికే ముక్క) ఉన్న విశేషణాలకు ఇ-ఆర్, ఇ-ఎస్-టి తగిలించవచ్చు. రెండు, అంతకంటే ఎక్కువ సిలబుల్స్ ఉంటే ఆ రూపం డిక్షనరీలో ఉంటేనే. పేర్లు, మధ్యలో గీత ఉన్న పదాలు కుదరవు. తీర్పు ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీది, 2014 నుంచి దాని ఆన్‌లైన్ రూపమే ప్రమాణం. 1992 నుంచి షోలో డిక్షనరీ కార్నర్ అనే మూల కూర్చుని చూసి చెబుతున్నది నిఘంటు నిపుణురాలు సూసీ డెంట్.

మనకు కలిసొచ్చే పదాలూ ఉన్నాయి. క్రోర్, లాఖ్, డకాయిట్, గోడౌన్, రైతా, ఇవన్నీ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న పదాలే, స్పెల్లింగ్ మాత్రం వాళ్ల డిక్షనరీలో ఉన్నట్టే నేర్చుకోండి. బ్యాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. సరిగ్గా తొమ్మిదక్షరాలు, నాలుగు అచ్చులు, ఐదు హల్లులు, అంటే ఎక్కువమంది అడిగే కూర్పే. బి, సి, డి, రెండు ఓలు కలిసి కనబడితే ఒక్కసారి తలుచుకోండి.

ఎంపికలో, మామూలుగా నాలుగు అచ్చులు ఐదు హల్లులు మంచివి. మీరు ముందంజలో ఉండి ఎదుటివారు పదాల్లో గట్టివారైతే ఐదు అచ్చులు అడగండి. పదాలు పొట్టివవుతాయి, వాళ్లు దూసుకుపోయే వీలు తగ్గుతుంది. ఇందులో మోసమేమీ లేదు, అది మీ హక్కు.

పదం కాగితం మీద రాయకపోతే "రాయలేదు" అని చెప్పాలి, అప్పుడు మీరే ముందు బయటపెట్టాలి. కాబట్టి చేతిరాత ఎలా ఉన్నా సరే, రాయండి.

కనండ్రమ్

తొమ్మిదక్షరాలను కలగాపులగం చేసి చూపిస్తారు, ముందు బజర్ నొక్కినవారికి అవకాశం. ఒక్కరికి ఒక్కటే ప్రయత్నం. తప్పు చెబితే మిగతా సమయమంతా ఎదుటివారిది. అందుకే ముందు పాయింట్ల పట్టిక చూడండి. పది కంటే ఎక్కువ ఆధిక్యం ఉంటే ఆట మీదే, నిర్భయంగా నొక్కండి. తేడా పది, అంతకంటే తక్కువ ఉంటే దాన్ని కీలక కనండ్రమ్ అంటారు. వెనకబడినవారు తొందరపడి తప్పు నొక్కడం మామూలే, కాబట్టి ముందున్నవారు సగం తెలిసి నొక్కకూడదు. సమానమైతే ఫలితం తేలేదాకా మరో కనండ్రమ్ వస్తుంది. తొమ్మిదక్షరాలు ఖాయం కనుక టి-ఐ-ఓ-ఎన్, ఎం-ఇ-ఎన్-టి, ఎ-బి-ఎల్-ఇ లాంటి పొడుగు తోకలు ఇక్కడ ఎక్కువ ఉపయోగపడతాయి. చూపించిన రూపంలో కనబడే తమాషా మాటల మీద కన్ను నిలపకండి, అవి దారి తప్పించడానికే పెడతారు. అక్షరాలను గుండ్రంగా తిరగరాసుకుంటే ఆ మాయ విడిపోతుంది.

సాధన

24 చీటీలు కత్తిరించి లెక్కల పలకలు ఇంట్లోనే చేసుకోవచ్చు. రోజుకు లెక్కలు ఆరు (రెండు మామూలువి, రెండు నాలుగు పెద్దవాటితో, రెండు ఆరూ చిన్నవాటితో), అక్షరాల రౌండ్లు ఆరు, కనండ్రమ్‌లు మూడు. ఫోన్‌లో 30 సెకన్ల గంట పెట్టుకోండి, ఒక్క సెకను కూడా పొడిగించకండి. అక్షరాలకు చీటీలకంటే ఆప్టరస్ అనే సైట్ నయం. ఈ షోకి వెళ్లేవాళ్లు చాలామంది అక్కడే సాధన చేస్తారు. నోట్‌బుక్‌లో చేజారిన పదాలన్నీ రాయనక్కర్లేదు, ఏ తోక దగ్గర చేజారిందో రాయండి. రెండు వారాల్లో మీ బలహీనత ఒకటో రెండో తోకల దగ్గర పోగుపడుతుంది, దాన్ని మాత్రం తోమండి. చెల్లని పదాలకు విడిగా ఒక పేజీ పెట్టుకోండి. షోకి వెళ్లేముందు రోజు చదవాల్సింది ఆ పేజీయే.

ఎంపికకు పిలిచినప్పుడు కూడా ఇవే రౌండ్లు ఆడిస్తారు, కాబట్టి దానికి విడిగా తయారవ్వక్కర్లేదు.

ఎనిమిది ఆటల ఓపిక

టీవీలో రోజుకొకటి వస్తుంది కానీ రికార్డింగ్ ఒకే రోజు ఐదు ఆటల దాకా ఉంటుంది, సాల్ఫర్డ్‌లోని మీడియాసిటీలో. అంటే గెలుస్తూ పోతే ఒక్క రోజులో 75 రౌండ్లు. నాలుగో ఆటకు తల మొద్దుబారడం సహజం. అలసట మొదట కనిపించేది లెక్కల్లో పలక రెండుసార్లు వాడటంలో, తర్వాత లేని పదం చెప్పడంలో. ఆ దశలో సాహసాలు తగ్గించి, పైన చెప్పిన నమ్మకపు పాళ్లను ఇంకాస్త పెంచుకోండి. ఆటకూ ఆటకూ మధ్య నీళ్లు తాగి, నాలుగడుగులు వేయండి, అప్పుడే అయిపోయిన ఆటలో చేజారిన పదం గురించి ఎవరితోనూ మాట్లాడకండి.

గెలుపు ఖాయమయ్యాక కూడా పాయింట్లు వదలకండి. సిరీస్ ఆఖర్లో నాకౌట్‌కి ఎనిమిదిమందిని తీసుకునేది గెలుపుల సంఖ్య చూసి, అవి సమానమైతే మొత్తం పాయింట్లు చూసి. ఏడో ఆటలో విసుగుతో వదిలేసిన ఒక పది పాయింట్లు క్వార్టర్ ఫైనల్లో గట్టి ప్రత్యర్థిని తెచ్చిపెట్టవచ్చు.

గెలిచినవారికి ఇచ్చేది కౌంట్‌డౌన్ టీపాట్, డబ్బు కాదు. దానికోసమే జనం ఏళ్లతరబడి సాధన చేస్తారంటే ఈ ఆట మీద వాళ్లకున్న ప్రేమ ఎంతో అర్థమవుతుంది.

చివరగా, మీరు అడగలేదు కానీ: బ్యాగులో ఐదు చొక్కాలు పెట్టుకుని వెళ్లండి. ప్రతి ఆటా వేరే రోజు ప్రసారమవుతుంది కాబట్టి ఆటకో చొక్కా మార్చాలి. రెండే తెచ్చుకున్నామంటే మూడో ఆట గెలుస్తామన్న నమ్మకం లేకుండానే బయల్దేరినట్టు.